మూడో అంతస్తులో ఊపిరి

ఆ ఉదయం ఆకాశంలో మబ్బు తునక లేదు. గాలి ఎవరి అనుమతీ అడగకుండా వీధి ఈ కొస నుంచి ఆ కొసకు వీస్తోంది. అంత గాలి ఊరికే పోతుంటే చూడలేక, మా ఊరి పెద్దల సంక్షేమ సంఘం వారు అదే రోజున శ్వాస పునరావాస కేంద్రాన్ని ప్రారంభించారు. వయసు మళ్ళినవారికి ఊపిరి పీల్చడం, వదలడం శాస్త్రీయంగా నేర్పడం తమ ఆశయమని గుమ్మం మీద బోర్డు పెట్టారు. అప్పటిదాకా మావాళ్ళు ఎవరికి తోచినట్టు వాళ్ళు పీల్చుకుంటూ బతుకు వెళ్ళదీశారు.

కేంద్రం సంఘ భవనం మూడో అంతస్తులో ఉంది. ఊపిరి అందనివాళ్ళ కోసం పెట్టినది అంత ఎత్తున ఎందుకని ఊరికి కొత్తవాళ్ళు అడగవచ్చు. పాతవాళ్ళం అడగలేదు. కింద రంగుల దుకాణానికి అద్దెకిచ్చారు. మొదటి అంతస్తులో పెళ్ళిళ్ళకు సామాను అద్దెకిచ్చేవాళ్ళు ఉన్నారు. రెండో అంతస్తులో అధ్యక్షులవారి గది, దాని పక్కన ఆయన్ని కలవడానికి వచ్చినవాళ్ళు కూర్చునే గది, దాని పక్కన ఎవరూ రాకపోతే తాళం వేసి ఉంచే గది ఉన్నాయి. మిగిలింది పైన. పైన గాలి బాగా ఆడుతుందని తీర్మానంలో రాసుకున్నారు. ఆ ఒక్క ముక్కా నిజమే. లిఫ్టు కూడా ఉంది. అంటే లిఫ్టుకు కావలసిన గొయ్యి ఉంది. ఎవరూ పడకుండా దాని చుట్టూ తాడు కట్టి, తాడు ఎవరూ విప్పకుండా ఒక మనిషిని కూర్చోబెట్టారు.

మొదట్లో మెట్లెక్కి పైదాకా రాగలిగినవాళ్ళను చూసి వీళ్ళకు చికిత్స అవసరమే లేదన్నారు. రాలేక కింద నిలబడిపోయినవాళ్ళను చూసి వీళ్ళకు ఆరోగ్యం మీద శ్రద్ధ లేదన్నారు. తర్వాత ఎవరో దయగలవారు మెట్ల మలుపు మలుపునా ఒక కుర్చీ విరాళమిచ్చారు. ఆ కుర్చీలకు చుట్టిన ప్లాస్టిక్ కాగితం దాత స్వయంగా వచ్చి విప్పాలి. దాతకు మోకాళ్ళ నొప్పులు, మెట్లెక్కలేరు. అందువల్ల పెద్దవాళ్ళు ఆ కుర్చీల పక్కన నిలబడి, వాటి వీపు పట్టుకుని రొప్పేవారు. దాని వల్ల కూడా కొంత మేలు జరిగిందనే చెప్పాలి.

అధ్యక్షులవారి గురించి రెండు మాటలు చెప్పకపోతే బాగుండదు. ఆయన పెద్ద ఉద్యోగం చేసి రిటైరయ్యారు. ఉద్యోగంలో ఉన్నన్నాళ్ళూ కిందివాళ్ళకు ఊపిరి సలపనివ్వని మనిషిగా పేరు తెచ్చుకున్నారు. ఇప్పుడు సరిగ్గా ఆ విషయంలోనే సేవ చేయడానికి ముందుకు రావడం ఆయన పెద్ద మనసుకు నిదర్శనం. ప్రారంభోత్సవంలో ఆయన ఇలా సెలవిచ్చారు.

"సోదర సోదరీమణులారా, ఊపిరి ఉన్నవాడే మనిషి. ఊపిరి లేనివాడు మనిషి కాడు. ఈ సత్యాన్ని గుర్తించడంలో మన సంఘం మిగతా సంఘాలన్నిటికన్నా ముందున్నదని చెప్పడానికి గర్విస్తున్నాను."

ఆ తర్వాత గర్విస్తూనే చాలాసేపు మాట్లాడారు. ముందు వరసలో ఉన్న పెద్దవాళ్ళలో కొందరికి ఆయాసం వచ్చింది. వినడం కూడా శ్రమతో కూడిన పని.

అప్పుడు ఊపిరి యంత్రాన్ని తెచ్చారు. అరచేతిలో పట్టే ప్లాస్టిక్ డబ్బా. అందులో మూడు గొట్టాలు, గొట్టానికో చిన్న బంతి. ఒక రబ్బరు గొట్టం నోట్లో పెట్టుకుని గాలి లోపలికి లాగితే బంతులు ఒకటొకటే పైకి లేస్తాయి. అధ్యక్షులవారు గొట్టం నోట్లో పెట్టుకుని బుగ్గలు పూరించి ఊదారు. బంతులు కదల్లేదు. ఇంకా గట్టిగా ఊదారు. కళ్ళు పెద్దవయ్యాయి గాని బంతులు కదల్లేదు. యంత్రం నాసిరకమని కమిటీ సభ్యులు ముక్తకంఠంతో తేల్చారు.

పక్కన ఒక అమ్మాయి నిలబడి ఉంది. పెద్దాసుపత్రిలో ఊపిరితిత్తుల రోగులకు వ్యాయామం నేర్పే పని ఆమెది. వారంలో కొన్ని రోజులు బస్సెక్కి వచ్చి ఇక్కడ చెప్పడానికి ఒప్పుకుంది. పెద్దవాళ్ళు ఆమెకు ఊపిరి టీచరమ్మ అని పేరు పెట్టారు. ఆమె మెల్లగా, ఊదకూడదండీ, పీల్చాలి అంది.

అధ్యక్షులవారు గొట్టం తీసి ఆమె వైపు చూశారు. "అమ్మాయీ, మా తరం సమాజానికి ఇచ్చిన తరం. పీల్చిన తరం కాదు" అన్నారు.

చప్పట్లు మోగాయి. ఆ సందట్లో ఒక సభ్యుడికి ఉపాయం తట్టి యంత్రాన్ని తలకిందులు చేసి పట్టుకున్నాడు. ఈసారి అధ్యక్షులవారు ఊదితే మూడు బంతులూ లేచాయి. అలా ఫొటో తీశారు. ఆ ఫొటోకు చట్రం కట్టించి కేంద్రంలో గోడకు తగిలించారు. టీచరమ్మ ఎంత చెప్పినా కొత్తగా చేరినవాళ్ళు ముందు ఆ ఫొటో చూసి, యంత్రం తిరగేసి పట్టుకుని, అప్పుడు కూర్చునేవారు.

కేంద్రం బాగా నడిచింది. కింద రంగుల దుకాణంలోంచి టర్పెంటైన్ వాసన పైకి వస్తోందని టీచరమ్మ ఫిర్యాదు చేస్తే, కమిటీ వెంటనే స్పందించి కిటికీలన్నీ మూయించి తాళాలు వేయించింది. గాలి తగ్గిందని మళ్ళీ ఫిర్యాదు వస్తే, గోడ నిండా అడవి బొమ్మ ఉన్న కాగితం అంటించింది. ఆమె రోజూ తాళం వేసినవాణ్ణి బతిమాలి ఒక కిటికీ తెరిపించుకునేది. ఆ కిటికీ దగ్గర చోటు కోసం పెద్దవాళ్ళు ముందే వచ్చి కూర్చునేవారు. బస్సులో కిటికీ సీటు కోసం ఎలా పోట్లాడుకునేవారో ఇక్కడా అలాగే పోట్లాడుకునేవారు. పోట్లాటకు ఊపిరి ఎక్కడినుంచి వస్తుందో నాకు తెలియదు. దానికి మాత్రం ఎప్పుడూ వస్తుంది.

ఇళ్ళల్లో కూడా చైతన్యం వచ్చింది. కొళాయి దగ్గర కోడళ్ళు, మా మామయ్య రెండో బంతి లేపారు అంటే మా మామయ్య మూడోది లేపి నిలబెట్టారు అని చెప్పుకున్నారు. కొడుకులు ఆఫీసుల్లో తండ్రుల బంతుల గురించి మాట్లాడుకున్నారు. తండ్రితో కూర్చుని మాట్లాడడం కన్నా ఇది సులువు. సంఘం వారు ఊపిరి పోటీలు కూడా పెట్టారు. ఒక్క గుక్కలో ఎవరు ఎక్కువసేపు మాట్లాడితే వారికి ప్రథమ బహుమతి. అది అధ్యక్షులవారికే వచ్చింది. ఏనాడూ దగ్గు కూడా ఎరగని మనిషి ఆయన. తన బహుమతిని తన చేతుల మీదుగా తనకే ఇచ్చుకున్నారు. పుచ్చుకునేటప్పుడు వినయంగా తల వంచారు, ఇచ్చేటప్పుడు హుందాగా నవ్వారు.

ఇక మరాయన సంగతి.

బస్సులు ఆగే మెయిన్ రోడ్డు వెనక పిండిమర ఒకటి ఉండేది. దాన్ని నడిపినాయన్ని ఊరంతా మరాయన అనే పిలిచేది. ఆయన పిండి పడుతుంటే ఆయన భార్య పైనుంచి గింజలు పోసేది. ఉదయం నుంచి చీకటి పడేదాకా ఇద్దరూ ఆ మర పక్కనే. మర రేపే పిండి దుమ్ము ఆయన ఊపిరితిత్తుల్లోకి పోయింది. మర చేసే రొద ఆవిడ చెవుల్లోకి పోయింది. పెళ్ళి నాటి ఆస్తి పంచుకున్నట్టు ఇద్దరూ సమంగా పంచుకున్నారు. ఆ రోజుల్లో పిండి తూకం తగ్గిందని మాలో కొందరు ఆయనతో తగవు పడ్డవాళ్ళమే. తగ్గిన పిండి ఎక్కడుందో తర్వాత ఎక్స్‌రేలో కనపడింది.

మర మూసేశాక ఆయనకు మాట పెగలడం కష్టమైంది. రెండు మాటలంటే ఆయాసం, మూడో మాటకు దగ్గు. ఆవిడకేమో గట్టిగా అరిస్తే గాని వినపడదు. వినికిడి మిషన్ ఒకటి కొనిపెట్టాడు కొడుకు. అది పెట్టుకుంటే వీధిలో కుక్కలూ, పక్కింటి కుక్కరూ, ఎక్కడో పోయే మోటారు సైకిళ్ళూ అన్నీ వినపడుతున్నాయి, ఇంట్లో మనిషి మాట ఒక్కటే వినపడటం లేదని ఆవిడ దాన్ని డబ్బాలో పెట్టి మూత వేసేసింది. రాసి చూపిద్దామంటే ఆవిడకు చదువు రాదు. చెవి దగ్గరికి వంగి చెబుదామంటే వంగగానే దగ్గు తెర వచ్చేది. పైగా కోడలి ముందు, ఆ వయసులో పెళ్ళాం చెవిలో గుసగుసలేమిటని ఆయనకు సిగ్గు.

కాబట్టి ఆ ఇంట్లో మొగుడూ పెళ్ళాల సంభాషణ కోడలి ద్వారా జరిగేది. ఆయన ఆగి ఆగి ఒక మాట చెబితే, కోడలు వంటింట్లోంచే దాన్ని తగ్గించి, గొంతు పెంచి అత్తగారికి అందించేది. నిన్న రాత్రంతా ఆవిడ కాలు నొప్పితో మూలిగింది, ఇప్పుడెలా ఉందో, మందు రాసుకుందో లేదో అడుగమ్మా అని ఆయన చెప్పడానికి పాలు పొంగేంత సేపు పట్టేది.

"అత్తయ్యా, కాలుందా అంటున్నారు" అని అరిచేది కోడలు.

"ఉంది, ఎక్కడికి పోతుంది" అనేది అత్తగారు.

కోడలు చెడ్డ మనిషి కాదు. పొయ్యి మీద పని, పిల్లాడి బడి, మధ్యలో ఈ టపా. టపా మోసేవాళ్ళు ఉత్తరాల్లో సొగసు చూడరు.

ఇలా కొన్నాళ్ళు గడిచేసరికి ఆవిడకొక నమ్మకం కుదిరింది. ఆయనకు తన మీద కోపమని. కాకపోతే నేరుగా ఒక్క మాట ఎందుకు మాట్లాడడు? ఆయన పలకడానికి ప్రయత్నించినప్పుడల్లా మొహం ఎర్రబడి, మెడ నరాలు పొంగి, కళ్ళు బయటికి వచ్చేవి. ఆయాసం ఎలా ఉంటుందో కోపం కూడా చూడ్డానికి అచ్చం అలాగే ఉంటుంది. కోపం లేదే అని చెప్పడానికి ఆయన ఎంత కష్టపడితే ఆవిడకు అంత కోపంగా కనిపించేవాడు. ఒకరోజు విసిగిపోయి ఆ సంగతి కోడలితో చెప్పించాడు.

"మామయ్యకు మీ మీద కోపం లేదట అత్తయ్యా" అని కోడలు అరిచింది. ఈ మాటను మాత్రం తగ్గించలేదు.

ఆవిడ చేతిలో పని ఆపలేదు. "నీకు చెప్పాడుగా. నాకు చెప్పమను" అంది.

ఆ మరునాడే మరాయన మూడో అంతస్తు మెట్ల దగ్గరికి వచ్చాడు.

పైకి చేరడానికి ఆయనకు ఎంతసేపు పట్టిందో చెప్పను. క్లాసు అయిపోయి అందరూ దిగిపోతుంటే ఆయన ఎదురయ్యాడు. టీచరమ్మ ఆయన్ని ఆ మెట్టు మీదే కూర్చోబెట్టి, తానూ పక్కన కూర్చుంది. చేరిన ప్రతివాళ్ళనూ ఆమె ఒక ప్రశ్న అడిగేది, ఊపిరి బాగుపడితే ఏం చేస్తారని. మిగతావాళ్ళు నూరేళ్ళు బతుకుతామనీ, ప్రథమ బహుమతి కొడతామనీ, దేశసేవ చేస్తామనీ చెప్పారు. ఈయన్నీ అడిగింది.

"మా ఆవిడతో... ఒక మాట... చెప్పాలమ్మా. గట్టిగా."

"ఎంత మాట?"

"చిన్నదే."

"ఎంత దూరం నుంచి?"

ఆయన ఆలోచించాడు. "మంచం... ఈ పక్క నుంచి... ఆ పక్కకు."

ఆమె నవ్వలేదు. అయితే చేద్దాం పెదనాన్నా అంది.

ఆ మెట్ల మీదే మొదలుపెట్టింది. ముక్కుతో మెల్లగా పీల్చమంది. వేడి టీని చల్లార్చినట్టు పెదాలు సున్నాలా చుట్టి, పీల్చినదానికి రెట్టింపుసేపు వదలమంది. మెట్టు ఎక్కేటప్పుడు ఊపిరి వదులుతూ ఎక్కమంది. మాట కూడా ఊపిరి లోపల ఉండగా అరవకుండా, బయటికి పోయే ఊపిరి మీద ఎక్కించి పంపమంది. మనవాళ్ళు కొందరు ఆ మెట్ల మీదుగా దిగుతూ, పైన అంత ఖరీదైన అడవి ఉండగా వీళ్ళకు ఇక్కడేం పనని అనుకున్నారు.

మరాయన పట్టుదల మనిషి. ఇంట్లో సాధన చేస్తే కోడలు నవ్వుతుందని మూసేసిన మర దగ్గరికి పోయేవాడు. కొన్నవాళ్ళు తెరవకుండా వదిలేసిన తుప్పు షట్టరు ముందు నిలబడి, పెదాలు చుట్టి, ఊపిరి వదులుతూ, "నాకు నీ మీద కోపం లేదు" అని ఒకటికి పదిసార్లు చెప్పేవాడు. చూసినవాళ్ళు కదిలిపోయారు. ఊపిరి తీసిన మరనే క్షమించేశాడు, ఎంత దొడ్డ మనసు అని ఊళ్ళో చెప్పుకున్నారు. ఒకాయన దీని మీద పత్రికకు వ్యాసం రాశాడు. అందులో మనందరం యంత్రాలను క్షమించాలని పిలుపిచ్చాడు. పాపం మరాయన్ని ఎవరూ అడగలేదు. అడిగితే చెప్పడానికి ఆయనకు అంత ఊపిరి లేదు. ఉన్నది దాచుకుంటున్నాడు.

వానాకాలం పోయి చలికాలం వచ్చేసరికి ఆయన మలుపు కుర్చీల దగ్గర ఆగడం తగ్గింది. టీ కొట్టుదాకా ఒక్కడే నడిచి వచ్చి, టీ చల్లార్చకుండానే తాగేవాడు. చల్లార్చే పని రోజంతా చేస్తూనే ఉన్నాడు కదా. మామూలు చెవులవాళ్ళకు గది అవతల నుంచి వినపడేంత మాట వచ్చింది. కాని ఇంట్లో ఉన్నవి మామూలు చెవులు కావు. ఒక సాయంత్రం మంచం ఈ పక్క నుంచి ప్రయత్నించాడు. మొహం ఎర్రబడలేదు, నరాలు పొంగలేదు, మాట చక్కగా వచ్చింది. ఆవిడ అటు తిరిగి దుప్పటి మడతపెడుతోంది. మడతపెట్టి వెళ్ళిపోయింది. ఇంకొంచెం గొంతు కావాలి, ఇంకో చలికాలం పడుతుంది పెదనాన్నా అని టీచరమ్మ ఉన్నమాట చెప్పింది. ఆయన సరేనన్నాడు గాని, ఆ వయసులో చలికాలాలు అరువు దొరకవని ఇద్దరికీ తెలుసు.

ఇంతలో కేంద్రం వార్షికోత్సవం వచ్చింది. ఏడాదిలో బాగుపడిన మనిషిని ఒకణ్ణి వేదిక మీద చూపించాలని కమిటీ నిర్ణయించింది. బాగుపడినవాళ్ళ కోసం వెతికితే, బహుమతులు వచ్చినవాళ్ళంతా మొదటినుంచీ బాగానే ఉన్నవాళ్ళని తేలింది. అసలు జబ్బు ఉండి తగ్గినవాడు మరాయన ఒక్కడే. అధ్యక్షులవారు ఆయన్ని పిలిపించి చేతిలో ఒక కాగితం పెట్టారు. అందులో ఒకే ఒక వాక్యం ఉంది. అధ్యక్షులవారి పేరుతో మొదలై, ఉపాధ్యక్షులు, కార్యదర్శి, సహాయ కార్యదర్శులు, కుర్చీల దాత, అడవి కాగితం దాత, రంగుల దుకాణం యజమాని, వారి వారి బిరుదులు, సేవలు అన్నీ దాటుకుంటూ పోయి, అట్టడుగున ధన్యవాదాలతో ముగుస్తుంది. దాన్ని ఒక్క గుక్కలో చదివితే కేంద్రం విజయం లోకానికి తెలుస్తుందట.

అంత చదివితే ఆయనకు మళ్ళీ దగ్గు పట్టుకుని వారాలపాటు తగ్గదని టీచరమ్మ చెప్పింది.

"ఇన్నాళ్ళు మరనే నడిపిన మనిషి, నా పేరు మోయలేడా అమ్మా?" అన్నారు అధ్యక్షులవారు.

మరాయన కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు. సభకు తన భార్యను ముందు వరసలో కూర్చోబెట్టాలని ఒక్కటే కోరాడు. కమిటీ ఉదారంగా ఒప్పుకుంది. మా ఊళ్ళో గౌరవాన్ని లౌడ్‌స్పీకరుకు ఎంత దగ్గరగా కూర్చోబెట్టారనే దాన్ని బట్టి లెక్కగడతారు. బాగా గొప్పవాళ్ళకు మాట వినపడదు, గుండెలో దడగా తెలుస్తుంది. ఆ రోజు మరాయన భార్యను మనిషెత్తు డబ్బాకు ఆనుకుని ఉన్న కుర్చీలో కూర్చోబెట్టారు. ఆవిడ పక్కన కొడుకు, కోడలు, మనవడు చెవుల్లో దూది పెట్టుకుని కూర్చున్నారు.

అధ్యక్షులవారు మాట్లాడారు. కార్యదర్శి మాట్లాడాడు. మాట్లాడటానికి ఏమీ లేదని చెప్పడానికి ఉపాధ్యక్షుడు చాలాసేపు మాట్లాడాడు. చీకటి పడుతుండగా మరాయన్ని మైకు దగ్గర నిలబెట్టారు. ఆయన కాగితం తీయలేదు. ముక్కుతో మెల్లగా పీల్చాడు. పెదాలు చుట్టాడు. అధ్యక్షులవారు తన పేరు వినడానికి వీలుగా కళ్ళు మూసుకున్నారు.

"ఏమే, నాకు నీ మీద కోపం లేదు. ఊపిరి లేక మాట్లాడలేదు, అంతే."

లౌడ్‌స్పీకర్లు ఆ మాటను వీధులన్నిటికీ మోశాయి. చుట్టుపక్కల ఇళ్ళల్లో సంబంధం లేని ఆడవాళ్ళు చాలామంది చేస్తున్న పని ఆపి, ఎవరా అని గుమ్మంలోకి వచ్చి చూశారు. కొందరు లోపల కూర్చున్న తమ మొగుళ్ళ వైపు చూశారు. వాళ్ళు టీవీ గొంతు పెంచారు.

మరాయన భార్య కుర్చీలోంచి లేచింది. ఆవిడకు వినపడిందని ఆవిడ మొహం చూస్తే అందరికీ తెలిసింది. వినపడనివాళ్ళకు తమ గొంతు ఎంత పెద్దదో తెలియదు. ఆవిడకు మైకు అవసరం లేకపోయింది.

"నాకుంది" అంది. "ఇంటికి రండి, చెప్తాను."

చప్పట్లతో హాలు దద్దరిల్లింది. ఏం జరిగినా చప్పట్లు కొట్టడం మావాళ్ళ అలవాటు. అధ్యక్షులవారు వెంటనే మైకు అందుకున్నారు. వేదిక మీద ఎవరేమన్నా తమను ఉద్దేశించే అన్నారనుకోవడం ఆయనకు ఉద్యోగం నాటి నుంచి ఉంది. వక్త తమ మీద కోపం లేదని ప్రకటించడం హర్షణీయమనీ, కమిటీకి కూడా ఆయన మీద ఎలాంటి కోపమూ లేదనీ, గతంలో ఏమైనా జరిగి ఉంటే మరచిపోదామనీ సెలవిచ్చారు. అయితే దాతల పేర్లు చదవనందువల్ల ఆయన్ని బాగుపడినట్టుగా పరిగణించడం కుదరదని మర్నాడు కమిటీ తీర్మానించింది. కేంద్రం ఆ ఏడాది ఎవరికీ నయం చేయలేదు.

ఇంటికి వెళ్ళాక ఆవిడ చెప్పింది. వాళ్ళను దిగబెట్టడానికి ఇంటిదాకా వెళ్ళి నేనూ విన్నాను. నేనే కాదు, వీధి వీధంతా విన్నది, ఆవిడ గొంతు అలాంటిది. కూరలో ఉప్పు దగ్గర నుంచి, ఆవిడ అన్న పోయినప్పుడు ఆలస్యంగా బయల్దేరడం దాకా ఒక్కొక్కటే తీసి ముందు పెట్టింది. ఇన్నాళ్ళూ ఆయనకు కోపమనుకుని తన కోపం వాయిదా వేసుకుందట. ఒక ఇంట్లో రెండు కోపాలు ఎందుకని. ఇప్పుడు ఆయనకు లేదని తేలింది కాబట్టి చోటు దొరికింది. ఆయన మంచం ఈ పక్కన కూర్చుని, పెదాలు చుట్టి ఊపిరి వదులుతూ అన్నీ విన్నాడు. టీచరమ్మ నేర్పిన పద్ధతి దీనికి కూడా పనికొచ్చింది.

చివరికి ఆవిడ మర సంగతికి వచ్చింది. గొంతు తగ్గింది. తగ్గిందంటే మన గొంతంత అయింది.

"మర అమ్మేసిన సంగతి నాకు పాలమనిషి చెప్పాడు" అంది. "పెళ్ళయిన నాటి నుంచి గింజలు పోసినదాన్ని. మీరు తాళం ఇచ్చేసి వచ్చి, కాళ్ళు కడుక్కుని, అన్నం తిని పడుకున్నారు. ఆ రోజు నాకు చెవులున్నాయి. మీకు ఊపిరీ ఉంది."

ఆయన నోరు తెరిచాడు. ఊపిరి కావలసినంత ఉంది. దాని మీద ఎక్కించి పంపడానికి మాటే లేదు. ఈ జబ్బుకు మూడో అంతస్తులో ఏమీ నేర్పలేదు. కాసేపటికి, చాలా మామూలు గొంతుతో, పక్కనున్న నాకే వినపడీ వినపడనట్టుగా, "తప్పే" అన్నాడు.

కోడలు అలవాటు కొద్దీ దాన్ని అందుకుని అరవబోయింది. అత్తగారు చెయ్యెత్తి ఆపింది. "అందింది" అంది.

నేను లేచి వచ్చేయబోతే కొడుకు పట్టుబట్టి నాకూ కంచం పెట్టించాడు. అందరం వరసగా కూర్చున్నాం. ఆవిడ ఆయన కంచంలో అడక్కుండానే రెండోసారి కూర వేసింది, ఆయన వద్దనలేదు. వాళ్ళిద్దరూ మాట్లాడుకోలేదంటే అర్థముంది, అప్పటికే అంతా అయిపోయింది. మనవడు తండ్రి వైపు ఒకసారి, తల్లి వైపు ఒకసారి చూశాడు. కొడుకు కోడలి వైపు చూడబోయి మంచినీళ్ళ గ్లాసు అందుకున్నాడు. కోడలు తల దించుకుని మెతుకులు కలుపుతూ ఉండిపోయింది. ఇన్నాళ్ళూ అత్తమామల మాటలు మోసిన మనిషి, తనవి ఎవరు మోస్తారోనని చూస్తున్నట్టుంది. నాకు మా ఇల్లు గుర్తొచ్చింది. పాఠకులకు ఎవరిల్లు గుర్తొచ్చిందో నేను అడగను.

ఆ పూట ఎవరూ ఒక్క మాట మాట్లాడలేదు. ఊపిరి మాత్రం అందరికీ బాగానే ఆడుతోంది.